తెర వెనుక ఇందర్ సభ

మన కళాశాల వార్షికోత్సవాలలో నాటక ప్రదర్శన ఆనవాయితీగా వస్తున్నదే. అయితే ఆ ఆనవాయితీ రెండు పాయలుగా సాగుతున్నది. ఉర్దూ విభాగం వారు తమ డ్రామా తాము వేస్తారు. తెలుగు విభాగం వారు తమ నాటిక తాము వేస్తారు. ఒకరి ప్రదర్శనవేళ రెండవవారు గేటు బయట టీ బంకు వద్ద కాలక్షేపం చేస్తారు. గత సంవత్సరం ఈ ఇరువురూ కలిసి ఒకే నాటకాన్ని తోలుబొమ్మలాటగా ప్రదర్శించిన సంగతి పాఠకులకు విదితమే. తెర ముందు జరిగినదానిని అందరూ చూచారు. తెర వెనుక జరిగినదానిని చూచినవారం కొద్దిమందిమి. ఆ కొద్దిమందిలో ఒకడినైనందున ఈ నాలుగు మాటలు వ్రాయ సాహసిస్తున్నాను.

నాటకం పేరు 'ఇందర్ సభ'. లక్నో కవి ఆగా హసన్ అమానత్ 1853 ప్రాంతంలో రచించిన గేయనాటకం. నవాబు వాజిద్ అలీ షా స్వయంగా ఇంద్రుని వేషం కట్టి దీనిని తన మహలులో ఆడించాడన్న కథ చిరకాలంగా ప్రచారంలో ఉన్నది. అది రాజమందిరపు నాటకం కాదనీ, లక్నో ప్రజల నాటకమనీ పరిశోధకులు మసూద్ హసన్ రిజ్వీ వాదించారు. ఆయన మాటే నాకు సమంజసంగా తోస్తున్నది. మహలులో పుట్టిన నాటకం అంత త్వరగా వీధులకెక్కదు గదా! పారసీ నాటక సమాజాలు దీనిని ఊరూరా ఆడాయి. 1892లో ఫ్రీడ్రిష్ రోజెన్ అనే పండితుడు జర్మన్ భాషలోనికి అనువదించాడు. 1932లో ఇది చలనచిత్రమైనప్పుడు అందులో సుమారు 70 పాటలున్నాయి.

కథ చిన్నది. రాజా ఇందర్ కొలువులో నలుగురు పరీలు ఆడిపాడుతుంటారు. వారిలో సబ్జ్ పరీ, మేడపై నిదురించు గుల్‌ఫామ్ అనే రాకుమారుని చూచి వలచి, కాలాదేవ్ అనే దానవునిచేత మంచముతో సహా ఎత్తి తెప్పిస్తుంది. ఇంద్రసభ చూపుమని అతడు పట్టుపట్టగా ఉద్యానంలో దాచి ఉంచుతుంది. లాల్‌దేవ్ కనిపెట్టి రాజునకు చెబుతాడు. గుల్‌ఫామ్‌ను కాఫ్ కొండల నూతిలో త్రోయిస్తారు. సబ్జ్ పరీ రెక్కలు విరిచి సభనుండి వెడలగొడతారు. ఆమె జోగన్ వేషం ధరించి పాడుకుంటూ తిరుగుతుంది. ఆ పాట ఖ్యాతి విని రాజే పిలిపిస్తాడు, మెచ్చి కానుకలివ్వబోతాడు. అన్నింటినీ కాదని ఆమె గుల్‌ఫామ్‌ను కోరుకుంటుంది. ఇచ్చిన మాట తప్పరాదు కనుక రాజు ఇస్తాడు. ఇంతే.

మా ఇంట మాట్లాడేది ఉర్దూ. నేను ఒకటవ తరగతి నుండి చదివినది తెలుగు. రాయలసీమలో నావంటివారు ఇంటికొకరుంటారు. ఉర్దూ లిపి నాకు రాదు. కనుక ఉర్దూ విభాగపు మిత్రుడొకడు పుస్తకం చేతబట్టి చదువుతుండగా నేను తెలుగు లిపిలో వ్రాసుకున్నాను. మనకు లేని ధ్వనులున్న చోట అక్షరం క్రింద చుక్క పెట్టుకున్నాను. పదునొకండు రాత్రులు పట్టింది. గజళ్ళ వద్ద నేను తడబడితే, బ్రజభాష ఛాయగల ఠుమ్రీలు, హోలీల వద్ద అతడు తడబడ్డాడు. అక్కడ ఇద్దరమూ సమానమైపోయాము. ఆ వ్రాతలోనే ఒక విశేషం కంటబడింది. నలుగురు పరీల పేర్లూ రంగులే: పుఖ్‌రాజ్ పుష్యరాగం, నీలమ్ నీలమణి, లాల్ కెంపు, సబ్జ్ ఆకుపచ్చ. దీపం ముందు నిలుపగా రంగు వెలిగే బొమ్మలకే ఈ పాత్రలు పుట్టాయా అనిపించింది. తోలుబొమ్మలాట ఆలోచన అక్కడ పొడమినది.

మా తెలుగు ఉపన్యాసకులు దీనిని విని ముందుగా సురభి వారి చరిత్ర చెప్పారు. మహారాష్ట్ర ప్రాంతం నుండి వచ్చి తోలుబొమ్మలాడించుకొని బ్రతికిన కుటుంబాలవారు 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ' నాటకం ఆడారు. వనారస గోవిందరావుగారు ఆ సమాజానికి ఆద్యులు. బొమ్మలను విడిచి మనుష్యులు రంగమెక్కిన చోటు మన సీమలోనిదే. "మీరేమో మనుష్యులను దింపి బొమ్మలను ఎక్కిస్తారన్నమాట!" అని నవ్వి, ధర్మవరం సమీపాన ఉన్న నిమ్మలకుంటకు వెళ్ళి రమ్మన్నారు.

నిమ్మలకుంట పేరు ఇప్పుడు దూరదేశాలకు కూడ తెలిసినది. ఆ ఊరి కళాకారులు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ పురస్కారం లభించింది. అయినను అక్కడ ఇంటింటా నేడు ఎక్కువగా తయారయ్యేది దీపాలపై కప్పే తోలు బుట్టలు. ఆటకు పిలిచేవారు తగ్గారు, బుట్టలకు కొనుగోలుదారులున్నారు. మేము వెళ్ళిన ఇంటి పెద్దాయన మేకతోలు ఎట్లా సిద్ధమయ్యేదీ ఓపికగా చూపించాడు. తోలును నానబెట్టి, వెంట్రుకలు గీకివేసి, బిగదీసి ఎండగడితే అది వెలుతురు జొరబడేంత పలుచనవుతుంది. బొమ్మ గీసి, నగలున్న చోటనెల్లా చిన్న ఉలులతో రంధ్రాలు కొడతారు. తెర వెనుక దీపం వెలిగితే ఆ రంధ్రాలే వజ్రాలు. భుజాలు, మోచేతులు, మోకాళ్ళు విడిగా చేసి త్రాటిముడులతో కలుపుతారు. వారు మాతో తెలుగు మాట్లాడారు, ఆటలో తెలుగు పద్యం పాడారు, లోపల మనుమరాలిని మంచినీళ్ళు తెమ్మని మరాఠీలో కేకవేశారు. నేను నా మిత్రునివైపు చూచాను. అతడు నావైపు చూచాడు.

పదమూడు బొమ్మలు కావలసి ఉన్నది. అన్నింటికీ తోలు కొనే స్తోమత మాకు లేదు. కమిటీవారు దయతో మంజూరు చేసిన సొమ్ము ఒక్క బొమ్మకు సరిపోయినది. తక్కినవి దళసరి అట్టతోను, రంగుల జెలటిన్ కాగితంతోను మేమే చేసుకున్నాము. ఆ ఒక్క తోలుబొమ్మ సబ్జ్ పరీ కావాలని అందరూ ఏకగ్రీవంగా అన్నారు. రెక్కలు విరిగే ఘట్టం గురించి పెద్దాయనకు వివరించబోగా ఆయన మధ్యలోనే అందుకొని, "జటాయువు పనేగా నాయనా" అన్నాడు. రావణుడు నరికినప్పుడు రెక్క ఊడిపడాలంటే ముడి ఎట్లా వేయాలో ఆయనకు చిన్ననాడే తెలుసునట. అదే ముడి పరీకి వేసి ఇచ్చాడు.

ఇక చిక్కుల సంగతి. ప్రాణుల బొమ్మలు చేసి ఆడించుట మన సంస్థకు తగునా అని ఒక పెద్దమనిషి సందేహం వెలిబుచ్చారు. మా ఉర్దూ అధ్యాపకులు శాంతంగా సమాధానమిచ్చారు: పదమూడవ శతాబ్దంలోనే కైరోలో ఇబ్న్ దానియాల్ అనే కవి నీడబొమ్మల ఆటకై మూడు నాటకాలు వ్రాశాడు, తుర్కీలో కరాగోజ్ అనే నీడలాటను రంజాన్ రాత్రులలో ప్రత్యేకంగా ఆడేవారు. ఆ పెద్దమనిషి అంగీకరించారో, అలసిపోయారో తెలియదు. అభ్యంతరం మాత్రం మరల వినబడలేదు.

అంతకంటె పెద్ద చిక్కు చీకటి. నీడలాటకు చీకటి కావాలి. విద్యార్థినీ విద్యార్థులు కూర్చున్న హాలులో దీపాలార్పుటకు క్రమశిక్షణ సంఘం ససేమిరా అన్నది. దీపాలుంటే తెరపై ఏమీ కనిపించదు. ఈ వాదం పదిరోజులు నడిచింది. చివరకు మగ్రిబ్ నమాజు తరువాత మైదానంలో ఆడుటకు, ప్రేక్షకుల వెనుక వరుసలో మాత్రం దీపాలుంచుటకు ఒప్పందమైనది. నా అభిప్రాయంలో ఆట అందువల్ల బాగుపడింది. తోలుబొమ్మలాట ఊరి బయలులోనిది. హాలు దాని ఇల్లు కాదు.

మూడవ చిక్కు కేతిగాడు. బంగారక్క, కేతిగాడు లేని తోలుబొమ్మలాటను మన పల్లెలు ఒప్పవు. వారు కథ మధ్యలో ఎక్కడనైనా జొరబడి, రాజునైనా దేవుణ్ణయినా ఎగతాళి చేసిపోతారు. అమానత్ కవి సభలోనికి ఈ మోటుమనిషి రావడమేమిటని ఉర్దూ విభాగపు మిత్రులు నొచ్చుకున్నారు. వారి నొప్పిలో న్యాయమున్నది. కాని పాటలన్నీ ఉర్దూలోనే ఉంచాలని మేము ముందే నిర్ణయించుకున్నాము. ఆ భాష తెలియని సగం ప్రేక్షకులకు అర్థం చెప్పే మనిషి కావాలి. కేతిగాడు దుబాసీ అయ్యాడు. ఇంద్రుని కొలువులో అడుగుపెట్టరాదని, తోటలోను, నూతి ఒడ్డునను మాత్రమే కనబడాలని షరతు. నూతిలోకి తొంగిచూచి గుల్‌ఫామ్‌తో, "అన్నా, మా హాస్టలు మెస్సు కంటె అక్కడ మేలేనా?" అన్నప్పుడు ముందు వరుసలోని కమిటీ పెద్దలే మొదట నవ్వారు.

సబ్జ్ పరీ గొంతు ఎవరిది అన్నది అసలు ప్రశ్న. ఉర్దూ విభాగపు ద్వితీయ సంవత్సరం విద్యార్థిని ఒకామె చక్కగా పాడుతుంది. అయితే రంగస్థలం ఎక్కరాదన్న మాటమీదనే ఆమె తండ్రి చదువుకు పంపుతున్నాడు. తెర ఉన్నది కనుక అభ్యంతరముండదని మేము సంతోషించాము. ఆయనకును అట్లే తోచింది. ఆ అమ్మాయి మాత్రం నవ్వి, "భాయీజాన్, స్టేజీ మీద నిలబడితే వేయిమంది చూస్తూ ఉంటారు. తెర వెనుక ఆరడుగుల జాగాలో పదిమంది అబ్బాయిల మధ్య నన్ను ఎవరు చూస్తారు? అబ్బాజాన్‌కు ఇది తోచలేదు, రేపు తోస్తుంది" అన్నది. తోచకముందే తానే పోయి చెప్పింది. చెప్పి, అమ్మీజాన్‌ను కూడ తెచ్చుకుంటానన్నది.

అలా ఆమె తల్లి మా రిహార్సళ్ళకు వచ్చారు. మొదటి రెండు రోజులు బురఖాలో ఒక మూల స్టూలుపై మౌనంగా కూర్చున్నారు. మూడవనాడు హోలీ పాట వద్ద మా హార్మోనియం కుర్రవాడు, పాడే అమ్మాయి ఎంతకూ కలవలేదు. ఆమె లేచివచ్చి, మూల పడివున్న ఢోలక్ ఒళ్ళోకి తీసుకొని, ఉంగరం వ్రేలితో అంచున కొట్టి లయ చూపించారు. పెళ్ళిళ్ళలో ఆడవారు రాత్రుళ్ళు కూర్చొని ఢోలక్ పాటలు పాడుకునే వాడుక మా ఇండ్లలో ఉన్నది. ఆమెకు ఆ విద్య అక్కడిది. ఆనాటినుండి ఆ ఢోలక్ ఆమె చేతినుండి ఎవరూ తీసుకోలేదు. మేమందరము ఖాలాజాన్ అని పిలువసాగాము. మా సంగీతం ఆమె చెప్పినట్లే నడిచింది. తెలుగు కుర్రవాడొకడు "ఖాలాజానమ్మా" అని పిలిచేవాడు; ఆమె దిద్దలేదు.

ఆటనాటి రాత్రి గురించి ఎక్కువ వ్రాయను. రెండు పంచెలు జోడించి కట్టిన తెర, దాని వెనుక నడినెత్తికి పైగా ఒక్కటే దీపం. ఎక్కువ దీపాలు పెడితే నీడలు రెండు మూడై చెదిరిపోతాయని మాకు అనుభవంలో తెలిసినది. బొమ్మ తెరకు ఆనితే గీత స్పష్టంగా ఉంటుంది. దీపంవైపు జరిపితే పెరిగి మసకబారుతుంది. కాలాదేవ్‌ను అట్లే పెంచాము. లాల్‌దేవ్ వచ్చేటప్పుడు, తోలుబొమ్మలవారి పద్ధతిన, కాలిక్రింద చెక్కలు పెట్టి తొక్కాము. ముందు వరుసలోని పిల్లలు లేచి తల్లుల వద్దకు పరుగెత్తారు. సబ్జ్ పరీ రెక్కలు ఊడినప్పుడు అట్టబొమ్మల నడుమ ఆ తోలు పచ్చదనం మరీ వేరుగా కనిపించింది. మైదానంలో సద్దు లేదు. తరువాత జోగన్ పాట. తెలుగు విభాగంవారెవరూ టీ బంకుకు పోలేదని బంకు యజమానియే మరునాడు నాతో అన్నాడు, కొంచెం నిష్ఠూరంగా.

ఆట ముగిశాక అందరినీ తెర ముందుకు రమ్మన్నారు. అబ్బాయిలము వెళ్ళాము. ఆ అమ్మాయి తల్లివైపు చూచింది. తల్లి ఢోలక్ గలీబు ముడివేస్తూ, "నీ ఇష్టం" అన్నారు. అమ్మాయి కొంచెంసేపు ఆగి, బొమ్మను చేతబట్టుకొని తెర పక్కనుండి బొమ్మను మాత్రం ముందుకు చాచి, ప్రేక్షకులకు సలాము చేయించింది. చప్పట్లు ఆ బొమ్మకు ఎంతసేపు పడ్డాయో మీలో పలువురికి జ్ఞాపకముండును. ఆమె తండ్రి మగవారి వరుసలలో కూర్చొని ఉన్నారు. ఏమనుకున్నారో నాకు తెలియదు. ఈ సంవత్సరం కూడ ఆమె చదువు సాగుతున్నది.

ప్రశంసాపత్రాలు విద్యార్థులకే ఇచ్చుట నియమం. ఢోలక్‌కు పత్రం లేదు. కమిటీవారు ఈ నియమాన్ని ఒకమారు పరిశీలింపవలెనని సవినయంగా మనవి. ఖాలాజాన్‌ను ఏమి కావాలని అడిగితే, ఇంట్లో ఉన్న అత్తగారు, తోడికోడళ్ళు ఆట చూడలేదు కనుక సబ్జ్ పరీని ఒక్క రాత్రికి పంపుమన్నారు. పంపాము. పెరట్లో దుప్పటి కట్టి ఆడించుకున్నారట.

మరునాడు బొమ్మ పాతచీర గుడ్డలో చుట్టి తిరిగి వచ్చింది. ఇప్పుడు గ్రంథాలయపు అద్దాల బీరువాలో ఉన్నది, ఎవరైనా చూడవచ్చును. నిమ్మలకుంట పెద్దాయన వేసిన జటాయువు ముడి దానికి లేదు. రెక్కలు రెండింటినీ భుజాలకు ఆకుపచ్చ దారంతో, దగ్గర దగ్గరి కుట్లతో గట్టిగా కుట్టివేశారు. ఎవరు కుట్టారని అడిగితే అమ్మాయి, దాదీమా అన్నది. ఈ యేడు మళ్ళీ ఆట ఆడాలంటే ఆ కుట్లు విప్పాలి. కత్తెర సిద్ధంగానే ఉన్నది. ఇంతవరకు ఎవరూ చేతబట్టలేదు.