తాళంచెవి పట్టిన చెయ్యి

మా ఆర్మూరులో పసుపు కల్లాలకు వచ్చే రోజులు. కొమ్ములు ఆరబోసేది, ఏరేది, చెరిగేది ఆడవాళ్లు. కాంటా దగ్గర నిలబడి తూకం చెప్పేది మగవాళ్లు. చిన్ననాటి నుంచీ చూస్తున్నదే గనుక, అందులో ఆలోచించవలసినది ఉందని నాకు ఎన్నడూ తోచలేదు.

మొన్న నా పూర్వ విద్యార్థిని ఇంటికి వచ్చింది. దళిత కూలితల్లి బిడ్డ. ఇప్పుడు ఒక జైలులో వార్డరు.

"సార్, దాశరథి నిజామాబాదు జైలుగోడ మీద బొగ్గుతో పద్యాలు రాసిండని చెప్పిన్రు. ఆళ్వారుస్వామి 'జైలు లోపల' కథలు చెప్పిన్రు. తాళంచెవి పట్టినోళ్ల గురించి ఒక్కనాడన్న చెప్పిన్రా?" అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు.

ఖాకీ అందరికీ ఒక్కటేనట. కాని అధికారులు వస్తే టీ అందించవలసింది ఆమె. అందరూ కలిసి సద్ది విప్పే చోట ఆమె గిన్నె మాత్రం వేరు. స్టోరు లెక్క, గేటు బాధ్యత మగవాళ్లవి. "ఆడ కూడ కాంటా వాళ్ల దగ్గర్నే ఉంటది సార్" అన్నది.

2024 అక్టోబరు 3న సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు, ఖైదీలకు కులాన్ని బట్టి వంటపని, పాకీపని పంచే జైలు నిబంధనలను కొట్టివేసింది. ఖైదీల రిజిస్టర్లలో కులం గడిని తీసివేయమన్నది. గొప్ప తీర్పే. అయితే అది ఖైదీల సంగతి. సిబ్బంది నడుమ కులానికి రిజిస్టరులో గడి అక్కరలేదు. పనులు పంచే తీరులోనే అది కనిపిస్తుంది.

ఇది మన దేశానికే పరిమితమైన జబ్బు కాదు. 1971లో 43 మంది చనిపోయిన న్యూయార్క్ రాష్ట్రపు అట్టికా జైలు తిరుగుబాటు నాటికి, అక్కడి ఖైదీలలో సగానికి పైగా నల్లవారు. కాపలావారు దాదాపు అందరూ తెల్లవారు. 1977లో అలబామా జైళ్ల కేసులో అమెరికా సుప్రీంకోర్టు, ఎత్తు, బరువు నిబంధనలు స్త్రీల పట్ల వివక్ష అని ఒప్పుకున్నది. అయినా, కట్టుదిట్టమైన మగజైళ్లలో ఖైదీలతో నేరుగా మెలగే ఉద్యోగాలకు వారిని దూరంగా ఉంచడాన్ని సమర్థించింది.

వెళ్లబోతూ ఆమె తలవంచుకుని మరొక మాట చెప్పింది: "ఒకనాడు పైసారు నన్ను కులం పేరుతోటి అన్నడు. ఆ కోపం ఒక ఖైదీ మీద తీసిన సార్. ఆమె కూడ మా అసుంటిదే."

జైలు అనే యంత్రం నడిచే తీరు ఇదే. అవమానం పై మెట్టు నుంచి కింది మెట్టుకు దిగుతుంది. చివరకు తిరిగి అనలేని మనిషి మీద పడుతుంది. వార్డరును రాక్షసిగానో, అమాయకురాలిగానో చూపే సాహిత్యం ఈ సత్యాన్ని పట్టుకోలేదు. ఆమెకు అధికారమూ ఉంది, అవమానమూ ఉంది. ఈ రెండింటినీ కలిపి చూడకుండా ఇన్నేళ్లూ జైలు సాహిత్యం పాఠం చెప్పాను. ఆ లోపం నాది.