మా బడి రిజల్టు, మా అన్న రిజల్టు

పోస్టు కొంచెం పొడుగైంది, ఏమనుకోకండి.

పదో తరగతి రిజల్టు వచ్చినప్పుడల్లా మన దగ్గర ఒకటే లొల్లి. గురుకులంలో చదివినోళ్లు వంద శాతం అని పోస్టర్ పెడతారు. కింద ఎవరో ఒకరు "మరి ఆశ్రమ పాఠశాల సార్లు ఏం చేస్తున్నట్టు?" అని రాస్తారు. మొన్న భైంసా బస్టాండ్ దగ్గర జిరాక్స్ షాపులో మా తండా కాకా ఒకాయన కూడా నన్ను పట్టుకుని అదే అడిగిండు. "నువ్వు గురుకులంల చదివినవ్ కదరా, మా పిల్లగాన్ని ఏ బడిల ఎయ్యాలె?" వెంటనే జవాబు రాలే. మా అన్న గుర్తొచ్చిండు.

మాది కుభీర్ దిక్కు తండా. ఇంట్లో గోర్ బోలి, భైంసా మార్కెట్‌లో పత్తి అమ్మేటప్పుడు మరాఠీ, చాయ్ హోటల్లో ఉర్దూ. తెలుగు మాకు బడికి పోయినంకనే వచ్చింది. అన్న నాకన్నా ఒక ఏడాది పెద్ద. నాలుగో తరగతిలో గురుకులం ఎంట్రన్స్ రాసిండు. వంద మార్కుల పేపర్. తెలుగు, ఇంగ్లీష్, లెక్కలు, పరిసరాల విజ్ఞానం, కొంత మెంటల్ ఎబిలిటీ. జవాబులు ఓఎంఆర్ షీటు మీద గుండ్రాలు నింపాలె. అట్లాంటి కాగితం మా తండాలో ఎవ్వరూ చూడలే. అన్న తప్పు అనుకున్నదాన్ని కొట్టేసి పక్కది నింపిండు, నోట్‌బుక్కుల చేసినట్టే. సీటు రాలే.

తర్వాతి ఏడు నా వంతు. బాపు పత్తి పైసలల్ల నుంచి తీసి రెండు నెలలు భైంసాలో కోచింగ్ పెట్టిచ్చిండు. రాత్రిపూట అన్న పాత నోట్‌బుక్ మీద గుండ్రాలు గీసి నాతోని నింపిచ్చేటోడు. "ఒక్కదానికి ఒక్కటే నింపు, కొట్టెయ్యకు" అని పదిసార్లు చెప్పేటోడు. నాకు సీటొచ్చింది. చిన్నోడు తెలివైనోడు అని తండా అంతా అన్నరు. చానా ఏండ్లు నేను కూడా అట్లనే అనుకున్న. ఇప్పుడు చెప్పాలంటే సిగ్గైతది.

గురుకులంలో పొద్దున లేచిన కాడి నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా మాకు చదువు తప్ప వేరే పని లేదు. అన్నం పెడతారు, పుస్తకాలు ఇస్తారు, డౌట్ వస్తే సార్ అక్కడనే ఉంటడు. అన్న జిల్లా పరిషత్ బడికి బస్సు మీద పోయేటోడు. దసరా దాటితే పత్తి తీసుడు మొదలు. యాడి ఒక్కతి ఎన్ని సాళ్లు తీస్తది? అన్న హాజరు పట్టీలో ఆ నెలల్లో సగం ఖాళీ.

ఇగ మా సెక్షన్ సంగతి. రిజిస్టర్‌లో అందరి పేరు పక్కనా ఎస్టీ అనే ఉంటది. మన రాష్ట్రంలో ఆ ఒక్క మాట కింద 32 తెగలు ఉన్నయి. మా క్లాసులో చూస్తే మా లంబాడా పిల్లలే ఎక్కువ, తర్వాత గోండు పిల్లలు. కోలాం ఒక్కడే, ఇంద్రవెల్లి దిక్కు గూడెం నుంచి వచ్చిండు. నా బెంచే. వాని ఇంటి భాష కొలామి, అది మాలో ఎవరికీ రాదు. లెక్కల్లో వాడు మాకన్నా ముందు, కానీ ఇంగ్లీషులో ప్రశ్న అడిగితే తల దించుకునేటోడు. మేం ఏడో తరగతిలో ఉన్నప్పుడు, 2020 మార్చిలో కరోనాకు బడి మూసిన్రు. పాఠాలు టీవీల, ఫోన్ల వస్తయి అన్నరు. వాళ్ల గూడెంలో సిగ్నలే లేదంట. మళ్లీ తెరిచినంక వాడు రాలే.

గురుకులంలో ఖాళీ అయిన సీట్లను బ్యాక్‌లాగ్ పరీక్ష పెట్టి నింపుతారు. అంటే పోయినోని జాగాలో వచ్చేది కూడా పరీక్ష నెగ్గినోడే. ఆశ్రమ పాఠశాలలో ఎంట్రన్స్ ఉండదు, చుట్టుపక్కల గూడేల నుంచి ఎవరొస్తే వాళ్లను చేర్చుకోవాలె. ఈ రెండింటి రిజల్టు పక్కపక్కన పెట్టి సార్లను తిట్టుడు నాకు న్యాయం అనిపించదు. అక్కడ పని చెయ్యని సార్లు లేరని కాదు, ఉన్నరు. అది వేరే లొల్లి.

ఈ ఎంపిక ఇప్పటిది కాదు. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు 1971లో సర్వేల్‌లో మొదటి గురుకులం పెట్టిందే పల్లెల్లో తెలివైన పిల్లల్ని ఏరి చదివించడానికి. దానికి ముందే, 1940లలో, మన జైనూర్ దగ్గరి మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ దొర వేరే దిక్కు నుంచి మొదలుపెట్టిండు. గోండు యువకులనే పంతుళ్లుగా తయారుచేసి, గోండిలో వాచకాలు రాయించి చదువు చెప్పించిండు. సర్వేల్ దారి తప్పని నేను అనను, ఆ దారిలో వచ్చినోణ్నే. కానీ మా బెంచి మీది కోలాం పిల్లగానికి కావాల్సింది మార్లవాయి బడి.

పదో తరగతి అయినంక మా అన్న బాసర ట్రిపుల్ ఐటీకి అప్లై చేసిండు. అప్పుడు అక్కడ ప్రభుత్వ బళ్లలో హాస్టల్ లేకుండ చదివినోళ్లకు జీపీఏకు 0.4 కలిపేటోళ్లు. గురుకులం పిల్లలకు కలపకపోయేటోళ్లు. మరుసటేడు నేను అప్లై చేసేటప్పుడు ఇదేం అన్యాయం అని ఇంట్లో అరిచిన. నేను కూడా ఎస్టీనే కదా, నేను కూడా తండా పిల్లగాన్నే కదా అని. అన్న పత్తి సంచి కుడుతున్నడు. తలెత్తకుండ, "ఐదేండ్ల పత్తికి సున్నా పాయింట్ నాలుగు ఇచ్చిన్రురా, అది కూడా నీకే కావాల్నా?" అని నవ్విండు. ఆ 0.4 కలిపినా అన్నకు సీటు రాలే. నాకొచ్చింది.

జిరాక్స్ షాపులో కాకాకు ఫారం నింపిచ్చిన. పాత ఓఎంఆర్ షీటు ఒకటి ఫోన్‌లో ఉంటే పది కాపీలు తీయించిన. "పది ఎందుకురా, వాడు ఒక్కడే కదా" అన్నడు. తండాలో నాలుగో తరగతి పిల్లలు పది మంది ఉన్నరు కాకా అన్న.

ఈసారి పోస్టర్ పెట్టేటోళ్లు ఐదో తరగతిలో ఎంతమంది చేరిన్రో, వాళ్లలో ఎంతమంది పది దాకా ఉన్నరో కూడా రాయండి. ఆశ్రమ పాఠశాలలో చదివినోళ్లు మీ లెక్క మీరు రాయండి. మా సెక్షన్‌ది నేను రాస్తున్న. చేరింది 40 మంది. ఆ 40లో పదో తరగతి పరీక్ష రాసింది 31. పోస్టర్ మీద వంద శాతం.