వేగులవాడి చూపు

'స్కౌట్' అనే ఇంగ్లీషు మాటకు మనకు 'వేగులవాడు', 'చారుడు' అనే మాటలున్నాయి. పరరాజ్యంలో మారువేషంతో తిరిగి, తాను చూసినదానిని చూసినట్లుగా ప్రభువుకు విన్నవించడం వేగులవాడి ధర్మం. రాజులను 'చారచక్షువులు' అనడం కూడా ఇందువల్లనే. తమ కంటికి ఆననిదానిని వారు చారుల కళ్ళతో చూస్తారు. కెనడాలో ఈ మాటకు ఇంకొక వృత్తి ఉన్నది. చలికాలపు రాత్రులలో ఊరూరా తిరిగి, పదిహేనేళ్ళ పిల్లలు ఐస్ హాకీ ఆడుతుంటే చూసి, వారిలో రేపటి ఆటగాడెవరో తన జట్టు యాజమాన్యానికి నివేదించే మనిషిని కూడా స్కౌట్ అనే అంటారు. ముప్పయ్యేళ్ళకు పైగా పిల్లలకు మార్కులు వేసిన నాకు, ఆ మనిషి పని చూడగానే బంధుత్వం వంటిది తోచింది.

మా అమ్మాయి కుటుంబం ఆంటారియో రాష్ట్రంలోని బ్రాంప్టన్ పట్టణంలో ఉంటున్నది. గడచిన చలికాలం నేను వారివద్దనే ఉన్నాను. మా మనుమడి స్నేహితుడొకడు ఫార్వర్డ్, అనగా ముందువరుస ఆటగాడు. వాడికి ఆ ఏడు డ్రాఫ్ట్ ఏడు. మా అల్లుడితో కలిసి పనిచేసే ఒక పెద్దమనిషి పగలు గిడ్డంగిలో లెక్కలు చూసుకుంటూ, సాయంకాలాలు ఒక జూనియర్ జట్టుకు స్కౌటుగా తిరుగుతుంటారు. ఈ పనిలో ఉన్నవారిలో చాలామందికి పగటి ఉద్యోగం వేరే ఉంటుందట. "మా మామయ్యగారు బడిపంతులు, మీ పక్కన కూర్చుని చూస్తారట" అని అల్లుడు అడిగితే ఆయన నవ్వి ఒప్పుకున్నారు. షరతు ఒక్కటే. ఆట జరుగుతున్నంతసేపూ ఎవరిని చూస్తున్నారని అడగకూడదు.

డ్రాఫ్ట్ అంటే ఏమిటో ముందు చెప్పాలి. ఆంటారియో హాకీ లీగులో 20 జట్లున్నాయి. 17 ఆంటారియోలోనివి, రెండు మిషిగన్‌లోనివి, ఒకటి పెన్సిల్వేనియాలోనిది. ఏటేటా ఆ సంవత్సరంలో పదహారో ఏడు నిండే పిల్లలను ఈ జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. వంతులు 15 ఆవృత్తాలు తిరుగుతాయి. అంటే దాదాపు 300 పేర్లు. ఏ ఊరి జట్టులో ఆడాలన్నది పిల్లవాడి ఇష్టం కాదు, పిలిచిన ఊరికి పోవాలి. జట్టులో చోటు దొరికితే పదహారేళ్ళకే ఇల్లు విడిచి, ఆ ఊళ్ళో ఆశ్రయమిచ్చే కుటుంబంతో ఉంటూ అక్కడి బడిలోనే చదువుకోవాలి. ఒక మనిషి నోటుపుస్తకంలో రాసుకున్న నాలుగు ముక్కల మీద ఒక ఇంటి భోజనాల బల్ల దగ్గర కుర్చీ ఖాళీ అవుతుందన్నమాట. మా మనుమడి స్నేహితుడి తల్లి నాతో ఆట సంగతి ఒక్కటీ మాట్లాడలేదు. "చదువు ఏమవుతుందండీ?" అని మాత్రమే అడిగింది. లీగులో ఆడిన ఒక్కొక్క సీజనుకు ఒక్కొక్క సంవత్సరం కళాశాల ఫీజు చెల్లించే ఏర్పాటు ఉన్నదని అల్లుడు చెప్పినా ఆమె ముఖం తేటపడలేదు.

ఆట మొదలు కావడానికి అరగంట ముందే స్కౌటుగారు వచ్చి, మెట్లలో అన్నిటికంటె పైవరుసన ఒక మూల కూర్చున్నారు. తల్లిదండ్రుల కేకలు అక్కడికి కొంచెం తక్కువగా వినిపిస్తాయి. మంచు మైదానం పొడవు 200 అడుగులు, వెడల్పు 85 అడుగులు. గోలీ కాక ఒక్కొక్క జట్టుకు ముగ్గురు ఫార్వర్డులు, ఇద్దరు డిఫెన్సు ఆటగాళ్ళు మంచు మీద ఉంటారు. ముప్పాతిక నిమిషం ఆడేసరికి ఊపిరి అందక బల్లమీదికి వచ్చేస్తారు, మరొక బృందం దిగుతుంది. పక్ అనే నల్లని రబ్బరు బిళ్ళ ఎటు పోతున్నదో చూడడానికే నా కళ్ళు చాలలేదు. ఆయన మాత్రం పక్ వంక చూడనే లేదు.

విరామంలో ఆ సంగతే అడిగాను. నాకు అందని మాటలను అల్లుడు తెలుగు చేశాడు. "పక్‌ను అందరూ చూస్తారు, గోలు ఎవరు వేశారో మర్నాడు కాగితంలో ఉంటుంది. దానికి నేను రానక్కరలేదు. ఆట మొత్తంలో ఒక పిల్లవాడి కర్రమీద పక్ నిలిచేది చాలా కొద్దిసేపు. మిగిలిన సమయమంతా వాడేం చేస్తున్నాడన్నదే నేను చూడాలి" అన్నారు ఆయన.

అక్కడినుండి నేనూ ఆయన చూపు వెంబడే చూశాను. పక్ తనకు చేరకముందే కుర్రవాడు తల తిప్పి భుజం మీదుగా వెనక్కు చూసుకున్నాడా? తోటివాడికి దారి తెరవడానికి తాను ఖాళీ చోటుకు జరిగాడా, లేక నిలబడి చేయి చాపాడా? పక్ పోగొట్టుకున్న తరువాత వేసిన మొదటి మూడు అంగలు ముందుకా, వెనక్కా? ఫార్వర్డు పని దాడి చేయడమే అయినా, వెనక్కు పరుగెత్తి తన గోలును కాచుకోవడం ఇష్టంగా చేస్తున్నాడా? శిక్షకుడు కసిరినప్పుడు బల్లమీద ఎలా కూర్చున్నాడు? గోలీ తప్పుచేస్తే వాడిని తట్టాడా, ముఖం తిప్పుకున్నాడా? మన అవధానిగారు సమస్యను పూరిస్తూనే గంటల లెక్క మనసులో ఉంచుకుంటారు చూడండి, మంచిఫార్వర్డు చేసేదీ అటువంటి అవధానమే. కాలికింద కత్తి అంచు, కర్ర కొసన పక్, ఎదురు వస్తున్న ప్రత్యర్థి, పక్కన తోటివాడు, అన్నీ ఒకేసారి వాడి ధారణలో ఉండాలి. ధారణ తప్పితే అవధానికి నవ్వులపాటు, వీడికి అద్దపు గోడ మీద వీపు పగలడం.

ఒక్కసారి చూసి ఆయన ఎవరి పేరూ రాయరు. ఇంటి మైదానంలో ఒకసారి, పరాయి ఊళ్ళో ఒకసారి, బలమైన జట్టు మీద ఒకసారి, ఘోరంగా ఓడిన మర్నాడు ఒకసారి చూస్తారు. తల్లిదండ్రుల ఎత్తు కూడా గమనిస్తారు, పిల్లవాడు ఇంకెంత ఎదుగుతాడో అంచనా వేయడానికి. పుస్తకంలో 'బాగున్నాడు', 'ఫర్వాలేదు' అన్న మాటలు లేవు. చొక్కామీది అంకె, దానికింద చూసిన పని, అంతే. మా ప్రోగ్రెసు కార్డులలో 'ఇంకా శ్రద్ధ అవసరం' అన్న ఒక్క వాక్యం ఎన్ని వేలమంది పిల్లల ఇళ్ళకు వెళ్ళిందో తలచుకుంటే, ఆ పుస్తకంమీద నాకు గౌరవం కలిగింది.

ప్రతి అంకె పక్కన ఒక నెల పేరు కూడా ఉన్నది. దాని వెనుక పెద్ద కథే ఉన్నది. 1980ల మొదటి ఏళ్ళలో ఆల్బర్టా రాష్ట్రంలోని లెత్‌బ్రిడ్జ్‌లో రోజర్ బార్న్స్‌లీ అనే మనస్తత్త్వ శాస్త్రవేత్త భార్యతో కలిసి జూనియర్ హాకీ ఆటకు వెళ్ళాడు. అక్కడ పంచిన పత్రికలో ఆటగాళ్ళ పుట్టినతేదీలు చదువుతూ ఆమె, జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలలే ఎక్కువగా ఉన్నాయే అన్నది. ఆయన తక్కిన జట్లనూ పరిశీలిస్తే అదే వరస. సహచరులతో కలిసి 1985లో ఆ ఫలితాన్ని ప్రకటించాడు. కారణం జ్యోతిషం కాదు. వయోవర్గాలకు గడువు జనవరి 1. ఒకే ఏట జనవరిలో పుట్టినవాడు, డిసెంబరులో పుట్టినవాడు ఒకే వర్గంలో ఆడాలి. ఎనిమిదేళ్ళ వయసులో పదకొండు నెలల తేడా అంటే పిడికెడు తేడా కాదు. పెద్దవాడు ప్రతిభావంతుడిగా కనిపిస్తాడు. వాడికి మంచి శిక్షకుడు, ఎక్కువ ఆటలు దొరుకుతాయి. పదిహేనేళ్ళు వచ్చేసరికి వాడు నిజంగానే మెరుగవుతాడు. పొరపాటున ఇచ్చిన తీర్పు తనను తాను నిజం చేసుకుంటుంది. అటు పైస్థాయిలో, ఎన్.హెచ్.ఎల్. డ్రాఫ్టును పరిశీలించిన మరొక అధ్యయనం 2013లో వెలువడింది. ఏడాది చివరి నెలలలో పుట్టినవారిని, వారు తరువాత చూపిన ఆటకు తగిన స్థానం కంటె వెనుక ఎంచుకుంటున్నారని అది చెప్పింది.

ఇది చదివి నేను మా ఒకటో తరగతి గదిని తలచుకున్నాను. మా పల్లెలలో ఇటువంటి లెక్క తీయడం బార్న్స్‌లీ తరం కూడా కాదు. సగంమంది పిల్లల పుట్టినతేదీ జూలై ఒకటి. తల్లికి వానలు గుర్తున్నాయి, తిథి గుర్తున్నది, తేదీ మాత్రం బడిలో చేర్చుకున్న పంతులుగారు వేసినది. కాని ఆ గదిలోనూ ముందు బల్లల వారు, వెనుక బల్లల వారు ఉండేవారు. పలక పట్టుకునే వేళ్ళలో పది నెలల తేడా ఉండేది. దానిని మనం తెలివి అన్నాము.

స్కౌట్లు గుడ్డివారని నేను అనడం లేదు. 2003లో క్యుబెక్ లీగులో రిముస్కీ జట్టు సిడ్నీ క్రాస్బీని, 2012లో ఆంటారియో లీగులో ఈరీ జట్టు కానర్ మెక్‌డేవిడ్‌ను మొదటి పేరుగానే పిలిచాయి. ఆ చూపు తప్పలేదు. అయితే 1977లో ఆంటారియో డ్రాఫ్టులో వేన్ గ్రెట్స్కీ మూడో పేరు. పదేళ్ళప్పుడు ఒకే సీజనులో 378 గోలులు వేసిన కుర్రవాడు, దేశమంతా ఎరిగినవాడు, కాని బక్కపలచనివాడు. సూ సెయింట్ మరీ జట్టు తరఫున ఆ తరువాతి సీజనులో 182 పాయింట్లు చేశాడు. పొట్టివాడైన బ్రేడెన్ పాయింట్‌ను 2014లో ఎన్.హెచ్.ఎల్. జట్లు 79వ స్థానం దాకా వదిలేశాయి. 2020, 2021 సంవత్సరాలలో టాంపా బే జట్టు స్టాన్లీ కప్పు గెలిచినప్పుడు, రెండుసార్లూ ప్లేఆఫ్ ఆటలలో అందరికంటె ఎక్కువ గోలులు అతడివే. శిఖరాన ఉన్నవాడిని గుర్తించడం సులువు. నడిమి వరుసలలో, ఇంకా ఎముక ముదరని పిల్లల దగ్గరే చూపు పరీక్షకు నిలుస్తుంది.

మా మనుమడి స్నేహితుడు నవంబరు పిల్లవాడు. పక్కవాళ్ళ భుజాల వరకు వస్తాడు. ఆట ముగిసిన తరువాత స్కౌటుగారు తామే పుస్తకం తెరిచి వాడి అంకె చూపించారు. "ముప్పయ్యారుసార్లు భుజం మీదుగా చూశాడు, లెక్కపెట్టాను. కాలం ఈ అబ్బాయికి ఇంకా పది నెలలు బాకీ ఉంది" అన్నారు. ఏడో ఆవృత్తంలో తీసుకోదగినవాడని తమ జట్టుకు రాశారు. జట్టు ఆ వంతులో జనవరిలో పుట్టిన, వీడికంటె జానెడు పొడుగున్న మరొక కుర్రవాడిని తీసుకున్నది. విన్నవించడం వరకే వేగులవాడి పని, నిర్ణయం ప్రభువుది. ఆయన నొచ్చుకున్నారేమో కాని, ఆ మాట పైకి అనలేదు. మర్నాడు యథాప్రకారం గిడ్డంగికి వెళ్ళారట.

పదమూడో ఆవృత్తంలో ఇంకొక ఊరి జట్టు వాడి పేరు పిలిచింది. అంత వెనుక పిలిచినవారిలో అసలు జట్టులోకి చేరేవారు తక్కువ. ఆగస్టు చివర శిక్షణ శిబిరం ఉన్నది, అక్కడ మళ్ళీ ఎవరో ఒకరు పైవరుసన కూర్చుని చూస్తారు. తల్లి ఆ ఊరి బడి ఎలా ఉంటుందో వాకబు చేస్తున్నది. వాడు మాత్రం తెల్లవారుజామున అయిదింటికి లేచి మంచుమీదికి పోతున్నాడని మనుమడు ఫోనులో చెప్పాడు. ఈ నవంబరుకు వాడికి పదహారేళ్ళు నిండుతాయి.