అతుకు మీద అతుకు

ఈసారి పత్తి ముచ్చట కాదు, బండి ముచ్చట. జర పెద్దగనే ఉంటది, ఓపికతోని చదువుండ్రి.

మన బెల్లంపల్లి దిక్కు ఊర్లల్ల ఏపీ 01 నంబరు ఓమ్నీలు ఇంకా తిరుగుతనే ఉన్నయి. ఏపీ 01 అంటే పాత ఆదిలాబాద్ జిల్లా నంబరు. తెలంగాణ వచ్చినంక 2014ల టీఎస్ అయింది, 2016ల మంచిర్యాల జిల్లా అయినంక మనకు టీఎస్ 19 వచ్చింది, ఇప్పుడు టీజీ. ఏపీ నంబరు ఉన్నదంటే ఆ బండికి తక్కువల తక్కువ పదేండ్లు దాటినట్టే. కంపెనీ 2019ల ఓమ్నీ చేసుడు బంద్ పెట్టింది. అయినా మనం విడవం. పొద్దుగాల కైకిలోళ్లను చేన్లకు తీస్కపోవాలన్నా, ఎరువు బస్తాలు తేవాలన్నా, రాత్రి ఎవలికన్న పానం బాగలేకుంటే మంచిర్యాల దవాఖానకు ఉరకాలన్నా అదే దిక్కు. నాదగ్గర సుత ఒకటున్నది. మూడేండ్ల కింద కొన్న.

ఈ బండ్లకు ఇంజను తోని రంది లేదు, ఏ మెకానిక్ అయినా ఇప్పుతడు, బిగిస్తడు. పోయేది రేకు. మన నల్లరేగడి బురద చక్రాల మీది గూట్ల అతుకుకుంటది, పైన ఎండినట్టే ఉంటది గని లోపల నెల రోజులు తడి ఆరది. ఇగ పొటాష్ బస్తా ఒక్కటి చినిగి కింద రాలిందంటే అది ఉప్పు అసొంటిదే, గాలిల తడిని గుంజుకొని రేకును తింటనే ఉంటది. ఊడ్చినా మ్యాటు కింద, సందులల్ల మిగుల్తది. జీపుకు, ట్రాక్టర్ ట్రాలీకి కింద వేరేగ మందం చాసిస్ ఉంటది. ఓమ్నీకి గట్ల లేదు. బాక్సు లెక్క మడిచి బాడీకే అతికించిన రేకులే దాని బలం. అవి పోతే పైన ఎంత మంచి రంగున్నా లాభం లేదు.

పోయిన వానకాలం మొదట్ల నడిమి సీటు కింద ఫ్లోరు మెత్తబడ్డట్టు అనిపించింది. ఒక వెల్డింగ్ షాపుకు తీస్కపోయిన. పేరెందుకు గని, గేట్లు, కిటికీ గ్రిల్లులు, ట్రాలీలు మంచిగనే చేస్తడాయన. పొద్దుగాల ఇచ్చిన, పొద్దుగూకె వరకు బండి చేతికొచ్చింది. పైన నల్ల రంగు కొట్టి నిగనిగలాడిచ్చిండు. "ఇంక పదేండ్లు చూడక్కర్లే అన్నా" అన్నడు. 2,200 తీసుకున్నడు.

రెండు నెలలు సుత కాలే. మా అవ్వను దవాఖానకు తీస్కపోతున్న. సోమగూడెం దాటినంక ఒక స్పీడ్ బ్రేకర్ మీద టక్కుమన్నది. వెనక్కి చూస్తే సీటు ఒక పక్కకు ఒరిగింది, అవ్వ తలుపు మీదికి వాలిపోయింది. సీటు కాలు బోల్టుతో సహా ఫ్లోరుల దిగబడ్డది. నెమ్మదిగ పోతున్నం కాబట్టి దెబ్బ తాకలే. అదే తలుపు సరిగ్గ పడకుంటే? ఆ ఆలోచన నాకు ఇప్పటికీ పోతలేదు. షాపుకు పోయి అడిగితే "బండే పాతది అన్నా, నేనేం జేత్త" అన్నడు.

అప్పుడు మా దోస్తు ఒకలు బాయి పని చేసి దిగిపోయిన ఒక పెద్దాయన ఉన్నడని చెప్పిండు. సింగరేణిల వెల్డింగ్ చేసినాయన, ఇప్పుడు ఇంటికాడనే చిన్న షెడ్డు ఏసుకున్నడు. బండిని చూసి వెంటనే మిషన్ ఆన్ చేయలే. మందుగాల మ్యాట్లు, సీట్లు అన్నీ తీయమన్నడు. ఒక పాత స్క్రూడ్రైవర్ పట్టుకొని కింద పండుకొని పొడుసుకుంట పోయిండు. మంచి రేకు టంగుమంటది, చెడిపోయింది బస్ మంటది. లప్పం పెచ్చులు పెచ్చులుగ రాలింది. దాని కింద ఒక రేకు, దాని కింద ఇంకొకటి. అది నాకు అమ్మినోళ్లు ఎప్పుడో ఏపించింది. అన్నిటికన్న కింద కంపెనీ రేకు, అప్పడం లెక్క అయింది.

"బిడ్డా, జంగు మీద వెల్డింగ్ అంటది, నిలవది" అన్నడు కాకా. రాడ్ కరిగి పట్టుకోవాల్నంటే కింద మంచి ఇనుము ఉండాలె. జంగు ఇనుము కాదు, అండ్ల బుడగలు వస్తయి, కుట్టు పైన లావుగ కనబడ్తది, లోపల ఏం పట్టదు. ఇంకొకటి, కారు రేకు ముప్పావు మిల్లీమీటరు అటిటు ఉంటది. గేట్లు చేసేటోళ్లు యాంగ్లర్‌కు వాడే పది నంబరు రాడ్ దాని మీద పెడితే బొక్క పడుతది, ఆ బొక్క నింపెతందుకు ఇంకింత కరిగిస్తరు, చుట్టున్న రేకు కాలి పెళుసైతది. నా సీటు కాడ అయింది అదే. కుట్టు మంచిగనే ఉన్నది, కుట్టు పక్కపొంటి రేకు చిరిగింది.

అసలు ముచ్చట పక్క బాక్సుల బయటపడ్డది. తలుపు కింద పొడుగ్గ పోయే బాక్సుకు అడుగున చిన్న చిన్న బొక్కలు ఉంటయి, లోపలికి పోయిన నీళ్లు కారిపోయెతందుకు. మనం చాలామందిమి అది జంగు తిన్న బొక్క అనుకుంటం. అతుకు ఏసినాయన వాటిని సుత మంచిగ మూసిండు. కాకా గ్రైండర్ పెట్టి కోయంగనే లీటరు మీద ఎర్రనీళ్లు కారినయి. చెరువుకు మత్తడి మూసి కట్టను గట్టిగ చేసినట్టున్నది పని.

కాకా మూడు రోజులు తీసుకున్నడు. రెండు రోజులు కోసుడు, గీకుడే. మంచి రేకు తగిలేదాక కోసిండు, చూస్తుంటే నా గుండె జారింది. బ్యాటరీ వైరు తీసి పక్కన పెట్టిండు. పెట్రోలు పైపు దగ్గర తడి గోనెసంచి, ఒక బకెట్ నీళ్లు. వెనుక కమాన్ కట్ట బాడీకి తగిలే జాగల రేకు మందం వేరే కాబట్టి అక్కడ మందంది ఏసిండు, ఫ్లోరుకు 20 గేజిది. జీఐ రేకు ఇస్తనంటే వద్దన్నడు, జస్తా పూత కాలితే పొగకు జరం వస్తదట, కుట్టు సుత బుడగలు పడుతదట. సీఓటూ మిషన్ తోని ఒక్క దిక్కే గుంజకుండ ఇక్కడింత అక్కడింత చుక్కలు పెట్టుకుంట పోయిండు, రేకు వంకర పోకుండ. అయిపోయినంక జింక్ ప్రైమర్. వెల్డింగ్ వేడికి లోపలి దిక్కు రంగు కాలిపోతది కదా, జంగు మళ్ల షురూ అయ్యేది అక్కడికెల్లే. అందుకని ఆ చిన్న బొక్కలల్లకెల్లి మైనం కలిపిన ఆయిల్ లోపల కొట్టి, బొక్కలు తెరిచే ఉంచిండు.

పైసలు షాపాయన తీసుకున్నదానికి మూడింతలు అయినయి. నాకు ఎక్కువ అనిపియ్యలే. గని ఒకటి చెప్తున్న, కమాన్ కట్ట పట్టుకునే జాగ, స్టీరింగ్ దగ్గరి రేకు, బెల్టు బోల్టు జాగ, ఈ మూడూ ఒక్కసారే పోయిన బండిని ఎంత మంచి వెల్డర్ అయినా ముట్టద్దు. అసొంటిది పాత ఇనుముకు ఏసుడే నయం. పదిహేనేండ్లు దాటినంక అయిదేండ్లకు రిజిస్ట్రేషన్ పొడిగించిన కాగితం ఉన్నదని కొనుడు సుత వద్దు. కాగితం ఆ రోజుదే. అమ్మేటోళ్లు కింద కొత్తగ నల్ల రంగు కొట్టి చూపెడితే, అగో అక్కడనే స్క్రూడ్రైవర్ తోని పొడిసి చూడుండ్రి. పొడవనియ్యకుంటే బేరం బంద్ పెట్టుండ్రి.

నా బండిల ఎడమ దిక్కు బాక్సు ఇంకా తెరవలే. పత్తి పైసలు రాంగనే కాకా దగ్గరికి తీస్కపోవాలె. అప్పటిదాక ఆ దిక్కు సీట్ల ఎవల్ని కూసోపెడ్తలేను, ఎరువు బస్తాలు ట్రాలీల తెచ్చుకుంటున్న. మందమర్రి, మంచిర్యాల దిక్కు గీ పని తెలిసినోళ్లు ఇంకెవలన్న ఉంటే కింద చెప్పుండ్రి, కాకాకు కండ్లు సరిగ్గ కనబడ్తలేవు, ఎక్కువ పని ఒప్పుకుంటలేడు.