వడిసెల మొదలు పిస్తోలు దాక

మా అన్నగారి కూతురు హైదరాబాదులో గురి చూచి కాల్చెడి విద్యను అభ్యసించుచున్నది. శిక్షణ మైదానమున రివాల్వరును, పిస్తోలును చేతబట్టి చూచి, దేనిని ఎన్నుకొనవలెనో తేలక యున్నది. మా వదినెగారి చింత వేరు: "ఆడపిల్లకు ఆయుధమేల?" అని. ఈ వాదము తెగకుండగానే సూర్యాపేట ప్రాంతమున నొక పెండ్లికి మేము మువ్వురము పయనమైతిమి.

విజయవాడ బాటను చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి, నకిరేకల్ దాటితిమి. ఎఱ్ఱని నేల, ఒకదానిపై నొకటి పేర్చినట్లున్న రాతిగుండ్లు, నడుమ నడుమ తాళ్ళు. మూసీని దాటిన పిమ్మట సూర్యాపేట వచ్చెను. ఇది 2016 వరకు నల్లగొండ జిల్లాలోనిదే.

పెండ్లియింట నొక వృద్ధురాలు పిల్ల చదువుసంధ్యల నడుగుచు, ఈ విద్యను గూర్చి విని నవ్వెను. "మాకు వడిసెలే తుపాకి, బిడ్డా!" అనెను. నల్లగొండ, పాలమూరు మెట్టచేలలో జొన్నకంకి పాలుపోసుకొను దినములలో మంచె నెక్కి పిట్టలను తోలు సాధన మిది. నడుమ గుంటవలె అల్లిన త్రాడు. ఒక కొనను వ్రేలికి తగిలించి, రెండవ కొనను పట్టుకొని, గుంటలో రాయినుంచి గిరగిర త్రిప్పి, అదను చూచి కొన విడువవలెను. "త్రాడు చేతికి మించినా, రాయి బరువైనా గురి దప్పుతది" అని యామె చెప్పెను. మా పిల్ల ఆ మాటను శ్రద్ధగా వినెను.

సోదరీమణులారా! ఆ వడిసెలయే ఈ సీమలో పోరాటమునకును పనికివచ్చినది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకిగుండ్లకు బలియైన పిదప దొరలపై రైతుపోరు రగుల్కొనెను. ఆడవారు వడిసెలలు, రోకళ్ళు, కారపుపొడి చేతబట్టి నిలిచిరి. కరివిరాల కొత్తగూడెమున 1931లో భూస్వామి యింట పుట్టిన మల్లు స్వరాజ్యముగారు తుపాకి నేర్చి దళమునకు నాయకురాలైరి. ఆమెను పట్టియిచ్చినవారికి పదివేల రూపాయల బహుమానము ప్రకటింపబడెను. 1951లో పోరు ముగిసినది. తరువాత నామె 1978, 1983 సంవత్సరములలో తుంగతుర్తినుండి శాసనసభకు ఎన్నికైరి; 2022లో పరమపదించిరి. ఆమె ఆత్మకథ పేరు 'నా మాటే తుపాకీ తూటా'. ఆనాటి స్త్రీలకు ఆయుధమును ఎన్నుకొను తీరిక యెక్కడిది? చేతికందినదే ఆయుధము.

తిరుగు ప్రయాణమున పిల్ల తన సందేహమును తానే విడదీసికొనెను. రివాల్వరులో తూటాలు తిరుగుడు చక్రపు అరలలో, సామాన్యముగా ఆరు, ఉండును. ప్రతి కాల్పునకును సుత్తిని బొటనవ్రేలితో వెనుకకు లాగవలెను. లేనిచో మీటను బలముగా, చాల దూరము లాగవలసివచ్చి చేయి చలించును. పిస్తోలులో కాల్చినంతనే మరియొక తూటా తనంతట వచ్చి నిలుచును. స్త్రీల 25 మీటర్ల పోటీలో 60 కాల్పులు. తొలి 30 నిదానముగా కాల్చవచ్చును. తక్కినవానిలో ఒక్కొక్క కాల్పునకు 3 సెకండ్లే గడువు. దించిన చేతినెత్తి, ఒంటిచేతితోనే కాల్చవలెను. కనుక ఆమె 22 బోరు పిస్తోలునే ఎన్నుకొనెను. పిడి అరచేతిని నిండుగా ఆనవలెను, చూపుడువ్రేలి తొలి కణుపు సుఖముగా మీటకు అందవలెను, చేయి చాచినపుడు మణికట్టు వాలరాదు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో హైదరాబాదు బాలిక ఈషా సింగ్ ఈ పోటీయందే జట్టుతో స్వర్ణమును, తానొక్కతెగా రజతమును గెలిచెను.

వదినెగారు అప్పటికిని భయమును విడువలేదు. అది తల్లికి సహజమే. తూటా లేదని తెలిసినను ఉన్నదనియే తలచవలెననియు, గొట్టమును గురివైపునుండి త్రిప్పరాదనియు, గురి కుదురువరకు మీటపై వ్రేలుంచరాదనియు మైదానమున మొదట నేర్పుదురని పిల్ల చెప్పెను. 1959నాటి ఆయుధ చట్టమునుబట్టి లైసెన్సు లేక తుపాకి నుంచుకొనుట నేరమనియు, తన అభ్యాసమంతయు శిక్షకుల కన్నులయెదుటనే యనియు వివరించెను.

వదినెగారు చాలసేపు కిటికీలోనుండి గుట్టలను చూచుచు మిన్నకుండిరి. చౌటుప్పల్ దాటిన పిమ్మట కూతురి చేయి తన చేతిలోనికి తీసికొని, "ఆ పిడి నీ చేతికి సరిపోయినదా, పెద్దదా?" అని అడిగిరి.