విజిల్ వినబడని పాప

భుయ్యాడీహ్‌లో సువర్ణరేఖ పొంగితే లోతట్టు బస్తీల్లోకి నీళ్ళు వస్తాయి. సామాన్లు మంచాలెక్కించడం మాకు చిన్నప్పటినుంచి అలవాటే. అందుకే దివ్యాంగులైన పిల్లలకు ప్రథమ చికిత్స, వరద జాగ్రత్తలు నేర్పమని టీచరుగారు అడగ్గానే మేము ఐదుగురం ఒప్పుకున్నాం. మాకు అన్నీ తెలుసనే అనుకున్నాం.

మొదటి ఆదివారం విజిల్ ఊదాం. ఊదగానే అందరూ గుమ్మం వైపు రావాలి. ఒక పాప తలెత్తకుండా బొమ్మకు రంగులేసుకుంటోంది. తనకు వినబడదు. ఆ సంగతి తెలిసీ విజిలే పట్టుకెళ్ళాం!

కాలినచోట టూత్‌పేస్టు రాయకూడదు, 20 నిమిషాలు కుళాయి నీళ్ళ కింద ఉంచాలి అని చెబితే, చూపులేని అబ్బాయి "గడియారం చూడకుండా ఎలా?" అన్నాడు. మేము తడబడ్డాం. తనే లెక్కేసి, "నాలుగైదు సినిమా పాటలంతసేపు" అన్నాడు. చక్రాల కుర్చీలో ఉండే తమ్ముడు భూకంపం చార్టు గురించి విని, "నేను బల్ల కిందికి ఎలా దూరను?" అని అడిగాడు. బ్రేకులు బిగించి, ముందుకు వంగి, తల, మెడ చేతులతో కప్పుకోవాలని టీచరుగారిని అడిగి నేర్చుకుని చెప్పాం. విపత్తుల్లో దివ్యాంగులకూ సమాన రక్షణ ఉండాలని 2016 చట్టంలోనే ఉందట. మా చార్టులో మాత్రం లేదు.

కానీ మమ్మల్ని వదలనిది ఆ పాప సంగతే. రాత్రి నీళ్ళొస్తే ఎవరు లేపుతారు? వాళ్ళమ్మగారిని అడిగాం. "నేనే, పక్కనే పడుకుంటాగా" అన్నారు పిన్ని. కాసేపాగి, "నాకు ఆస్పత్రిలో నైటుండి, ఆయనకు సి షిఫ్టు పడితే..." అని ఊరుకున్నారు.

లైటు వేసి ఆర్పితే లేస్తుందన్నాం. "నీళ్ళొస్తే ముందు మెయిన్ ఆపేస్తాంగా, లైటెక్కడిదే?" అన్నారు పిన్ని. చివరికి ఇలా కుదిరింది: పక్కింటి అత్త దగ్గర ఇంకో తాళంచెవి ఉంటుంది. ఆమె వచ్చి మంచం కుదపాలి. టార్చి పాప కళ్ళలోకి కాదు, తన చేతుల మీద వేసుకోవాలి. అప్పుడే సైగ కనబడుతుంది. ఆధార్, దివ్యాంగ సర్టిఫికెట్ ఉన్న ప్లాస్టిక్ సంచి తలగడ దగ్గరే ఉంటుంది.

సాధన చేస్తూ, 'నీళ్ళు' అని మోకాలి దగ్గర చెయ్యి పెట్టి చూపించాం. పాప తల అడ్డంగా ఊపి, మా చెయ్యి పట్టుకుని తన గొంతుదాకా ఎత్తింది. ఒక ఏడాది వాళ్ళింట్లోకి అంతదాకా వచ్చాయని పిన్ని చెప్పారు.