గంటన్నర దూరం

"మేడమ్, మీ వైజాగ్ ఇక్కడికి గంటన్నరేనట!" మొన్న ప్రేమ్ బజార్‌లో కూరగాయలు కొంటుంటే తొమ్మిదో తరగతి కుర్రాడొకడు సంబరంగా చెప్పాడు. ఫోన్‌లో చూశాడట. కోల్‌కతా నుంచి విశాఖపట్నానికి ఆకాశమార్గాన సుమారు 770 కిలోమీటర్లు, విమానానికి గంటన్నర. లెక్క సరైనదే. కానీ నేనుండేది కోల్‌కతాలో కాదు కదా!

పదేళ్ళలో ఇది నాకు ఐదో ఊరు. బదిలీ ఉత్తర్వు రాగానే ముందు చూసుకునేది ఇంటికి ఎన్ని గంటలని. మీ ఇళ్ళలోనూ అంతేననుకుంటాను. ఖరగ్‌పూర్ అనగానే సంతోషించాను. రైల్లో ఓ రాత్రి నిద్రపోతే విశాఖ. పైగా రైల్వే ఉద్యోగాల కోసం తరాల కిందట వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ళు ఇక్కడ బోలెడంత మంది.

కిందటి డిసెంబరులో ఓ రాత్రి తొమ్మిదింటికి అమ్మ ఫోన్ చేసింది. నాన్నకు గుండెనొప్పి, ఆస్పత్రిలో చేర్చారు. అర్ధరాత్రి దాటాక రైలుంది, మధ్యాహ్నానికి చేరుస్తుంది. నాకూ ఆ గంటన్నరే బుర్రలో తిరిగింది. విమానం టికెట్ కొన్నాను.

తెల్లవారుజామున నాలుగింటికి టోటోలో స్టేషన్‌కు. లోకల్‌లో హౌరాకు 115 కిలోమీటర్లు, దాదాపు మూడు గంటలు. అక్కడినుంచి ట్యాక్సీలో దమ్‌దమ్. అక్కడ పొగమంచు. బోర్డు మీద విమానం వేళ రెండుసార్లు మారింది. మన కలైకుండా వైమానిక స్థావరం విమానాలు రోజూ నెత్తిమీదే ఎగురుతాయి కానీ, అవి మనల్ని ఎక్కించుకోవుగా! కిటికీ అవతల ఏమీ కనబడటం లేదు. నేను వదిలేసిన రైలు ఈపాటికి బరంపురం దాటి ఉంటుందని లెక్కలు వేస్తూ కూర్చున్నాను.

దూరం తక్కువైతే సమయమూ తక్కువేనని లెక్కల పుస్తకం నేర్పుతుంది. 2016లో ఎయిర్ ఇండియా ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ మీదుగా కాక పసిఫిక్ మీదుగా నడిపింది. దారి 1,400 కిలోమీటర్లు పెరిగింది, ప్రయాణం మాత్రం తగ్గింది. పడమర నుంచి తూర్పుకు వీచే పైగాలులు వెనకనుంచి తోశాయి మరి. నాకు ఆ రోజు ఏ గాలీ తోడు రాలేదు.

ఆస్పత్రికి చేరేసరికి సాయంత్రం ఐదు. పదమూడు గంటలు! మధ్యాహ్నమే స్టెంట్ వేశారట. సంతకం పక్కింటి మావయ్యగారు పెట్టారు. అది నేను పెట్టాల్సింది.

నాన్న కళ్ళు తెరిచి, "ఎంతసేపు పట్టిందే?" అన్నారు.

"గంటన్నరే నాన్నా, విమానంలో వచ్చా" అన్నాను.

ముప్పై ఏళ్ళు రైల్వేలో గార్డుగా చేసిన మనిషి. కాసేపు నావైపే చూసి, నీరసంగా నవ్వారు.

"ఖరగ్‌పూర్‌లో ఎయిర్‌పోర్టు ఎప్పుడు కట్టారే?"